కదలని చోటు

నెవెన్కా గారి వంటింటి నేల ఊడదీస్తున్నారు.
ఒక్కో పలకా చెత్తతొట్టిలో పడుతూ
ఒక్కో మాట అంటోంది.
రాత్రి బస్సు డిపోలో అప్పజెప్పి వచ్చి
నిద్రపోవాల్సినవాణ్ణి
ప్రహరీ మీద గడ్డం ఆనించి విన్నాను.

ఎర్రటి జర్రా చెక్క. మేకుల చుట్టూ నల్లటి మచ్చలు.
అడిగితే, "పొయ్యిలోకా?" అందావిడ.
"పాటలోకి" అనబోయి, సిగ్గేసి,
తలూపాను.

మొదటి తప్పు ఇదీ:
సగానికి కోస్తే పైస్థాయి పలుకుతుందనుకున్నాను.
తీగ కాదుగా, చెక్క.
ఒక మెట్టు ఎక్కమంటే రెండు మెట్లెక్కి
పిచ్చుకలా కిచ్‌మంది.
బంగారంలాంటి పలక పోయింది.
మా మేఖల దాన్ని బొమ్మకి మంచం చేసుకుంది.

అడుగున నడుం గీకితే స్వరం దిగుతుంది.
చివర ఒక వెంట్రుక కోస్తే లేస్తుంది.
గీకాను, కోశాను, మళ్లీ గీకాను.
చిత్రిక పట్టినప్పుడల్లా
ఎర్రటి చుట్టలు పాదాల మీద రాలి
గరాజంతా తడి మట్టి వాసన.
మా తాడిపత్రి వైపు చెక్కభజనలో
చెక్కకి ఒక్కటే మాట.
ఇక్కడ ఎనిమిదింటికి
ఎనిమిది మాటలు నేర్పాలి.

ఏడు నేర్చుకున్నాయి.
గాంధారం మాత్రం, నడుములో పాత మేకు చిల్లున్నది,
పిలిస్తే పలకదు, పలికితే నిలవదు.
గ అనబోయి మ వైపు చూస్తుంది.
పలకనిదాన్ని పలక అని ఎలా అంటాం, చెప్పండి?

మధ్యాహ్నం సముద్రగాలి వచ్చింది.
ఫ్రీమాంటిల్‌లో దాన్ని డాక్టరంటారు.
చొక్కా ఎత్తి వీపు చూసి
రంపపు పొట్టంతా వీధిలోకి ఊడ్చి
ఫీజు అడక్కుండా పోయింది.

ఇక కట్టాలి. ఎక్కడ?
చివర కడితే మూగబోతోంది.
మధ్యన కడితే దగ్గుతోంది.
స్పాంజి ముక్కల మీద పలకని పడుకోబెట్టి
గుప్పెడు ఉప్పు చల్లి
మెల్లగా తట్టాను, తడుతూనే ఉన్నాను.
ఉప్పు గంతులేసింది, దొర్లింది,
ఒకదాన్నొకటి తోసుకుంది,
చివరికి రెండు గీతలై
ఊరికే ఆగిపోయింది.
అటు తొమ్మిది సెంటీమీటర్లు. ఇటు తొమ్మిది.
ఒళ్లంతా ఊగుతున్నా
చెక్క ఆ రెండు చోట్లా కదలదట.
పట్టుకోవాల్సింది అక్కడేనట.

ఇన్నాళ్లూ ఎవర్ని ఎక్కడ పట్టుకున్నానో
లెక్కేసుకుంటూ బరమా తిప్పుతుంటే
ఉప్పుడబ్బా ఏదని
ఇంట్లోంచి సువర్చల కేక.

ఆదివారం నెవెన్కా గారు
ఎండు అంజూరపళ్లు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది.
మేఖల ఇచ్చిన రబ్బరుబంతి పుల్లల్ని పక్కకి నెట్టి
తన చేతిసంచీలోంచి చెక్క గరిటె తీసింది.
(గరిటె వెంటేసుకుని ఎందుకు తిరుగుతుందో నేనడగలేదు.)
ఒక్కోటీ తట్టుకుంటూ వచ్చి
గాంధారం దగ్గర ఆగింది.
బొటనవేలితో మేకు చిల్లు తడిమింది.

"ఇది నాకు తెలుసు.
స్టవ్‌కీ కుళాయికీ మధ్యది.
నలభై ఏళ్లు, అర్ధరాత్రి దీపం వెయ్యకుండా
మంచినీళ్లకి లేచేదాన్ని.
దీని మీద అడుగు పడిందా, కిర్రుమనేది,
ఆయన లేచేవాడు.
లేస్తే ఇక ఆ రాత్రికి ఎవరికీ నిద్ర ఉండేది కాదు.
అందుకని దాటి వేసేదాన్ని.
కడుపుతో ఉన్నప్పుడూ, మోకాలు వాచినప్పుడూ,
దాటే."

శ్రుతి సరిగ్గా కుదర్లేదని చెప్పబోయాను.
ఆవిడ వినలేదు.
గరిటె తిరగేసి, కాడ గుప్పిట్లో బిగించి
గట్టిగా కొట్టింది.

గరాజు దాటి, కంచె దాటి,
ఇప్పుడు కొత్త టైల్స్ పరిచిన ఆ వంటింటి దాకా
వెళ్లిందా మోత.
తల కొంచెం వంచి ఆగింది నెవెన్కా.

ఎవరూ లేవలేదు.

మళ్లీ కొట్టింది.